దుర్బీను అవ్వ

మొయినాబాద్ చౌరస్తల నిలబడి చాయ్ తాగుతున్న. ఆదివారం పొద్దున, ఇంక ఆరు గూడ కాలే. భుజానికి కెమెరా సంచి ఉన్నది. చాయ్ హోటలాయన రెండో గ్లాసు నా చేతిల పెడుకుంట, "సార్, మీ దుర్బీను అవ్వ పోయింది, తెల్వదా?" అన్నడు.

"ఎటు పోయింది?" అన్న. నా నోట్ల గదే మాట వచ్చింది.

ఆయన పైకి చూసిండు. నాకు అప్పుడు సమజైంది.

"తొమ్మిది దినాలైతున్నది. నిద్రల్నే పోయిందట. మీకు ఎవలన్న చెప్పిన్రనుకున్న."

ఎవలు చెప్తరు? మా ఇద్దరికి నడుమ తెలిసిన మనుషులంటు ఎవలు లేరు. గడ్డి ఉన్నది, రాళ్లున్నయి, పిట్టలున్నయి. ఆ దినం నేను ఫోటోలకు పోలే. ఇంటికి వచ్చి సంచి గోడకు తలిగేసిన. నా భార్య "ఏమైంది, గంటల్నే వచ్చిన్రు?" అని అడిగింది. ఆ అవ్వ నాకు ఏమైతదని చెప్పాలె?

నేను జూనియర్ కాలేజీల లెక్కలు చెప్త. ఐదారేండ్ల కింద పిట్టల ఫోటోల పిచ్చి పట్టింది. అప్పు జేసి పెద్ద లెన్సు కొన్న. ఆదివారమొస్తె మొయినాబాద్‌కు చేవెళ్లకు నడుమ ఏ బీడు వదిలిపెట్టలే.

ఆమెను మొదలు చూసింది ఒక పాత వెంచర్ల. ప్లాట్లు చేసి హద్దురాళ్లు పాతిన్రు గాని ఒక్కరు సుత ఇల్లు గట్టలే. వానలు పడ్డంక నడుం దాంక గడ్డి లేస్తది. తెల్ల సున్నమేసిన ఆ రాళ్లు గడ్డిలకెల్లి నోట్ల పండ్ల లెక్క కనవడ్తయి. ఆ పొద్దు ముసురు పట్టి ఉన్నది. గాలి లేదు. దూరంగ ఒక బెదురుబొమ్మ కనవడ్డది, బూడిదరంగు శాలువ కప్పిండ్రు దానికి. పంట లేని తాన బెదురుబొమ్మ ఎందుకుంటదన్న ఆలోచన నాకు రాలే.

నా కాళ్లకాడ్నే గడ్డి మొదట్ల ఒక గూడు దొరికింది. పిచ్చుకంత నేలపిట్టది. మూడు పిల్లలు, కండ్లు ఇంక తెరవలే, నోర్లు తెరుసుకొని ఉన్నయి. ఫోటోకు గడ్డి అడ్డమొస్తుందని ఒక్కొక్క పోస పీకుకుంట కూసున్న.

"ఎనిమిది పీకినవు బిడ్డ. ఇగ చాలు."

మాట నా చెవి పక్కన్నే అన్నట్టు వినవడ్డది. తల తిప్పి చూస్తె బెదురుబొమ్మ ఉన్న తాన ఏం లేదు. పది అడుగుల అవుతల ఒక ముసలామె నిలబడ్డది. గడ్డి కదిలిన చప్పుడు సుత నాకు వినవడలే. పలుచటి మనిషి, కండ్లద్దాలు, మెడల నల్లటి పాత దుర్బీను. శాలువకు పిన్నీసుతోని ఒక గడియారం తలకిందులుగ తలిగేసి ఉన్నది.

నాకు భయమైంది. భయపడ్డట్టు కనవడొద్దని, "అడ్డమొస్తున్నయమ్మ," అన్న.

"అడ్డం గాదది, పరదా. కాన్పు వార్డుల మంచం సుట్టు పరదా కడ్తరు సూడు, గది. పరదా గుంజి పురుటామెను ఫోటో తీస్తవా?"

చేతిలున్న పోసను కింద పెట్టిన.

"పైకి సూడు," అన్నది. చూసిన. మబ్బు కింద గద్ద ఒకటి తిరుగుతున్నది. అది ఎప్పటికెల్లి తిరుగుతున్నదో నాకు తెల్వది.

ఆమె వచ్చి వంగి కూసున్నది. నేను పీకిన ఎనిమిది పోసలు ఏరి ఒక్కొక్కటి మల్ల మట్టిల గుచ్చింది. కుట్లు వేసినట్టు, తొందర లేకుండ. "సాయంత్రం దాంక ఆగుతయి. ఆ లోపట తల్లి ఏదో ఒకటి చేసుకుంటది," అన్నది. లేచి, గూటి దిక్కు చూసి చిన్నగ "వందనాలు" అని గడ్డిలకు పోయింది. చర్చిల ఒకరికొకరు చెప్పుకునే వందనాలు. పిట్టకు ఎవలన్న చెప్తరని నేను ఎన్నడు వినలే.

చేవెళ్ల దిక్కు ఒక ఊర్ల ఆమె ఇల్లు. ఒక మిషన్ దవాఖానల నర్సుగ చేసి రిటైరైంది. నాకు ఆమె గురించి తెలిసింది గింతే, అడిగితె ఇంతకంటె ఎక్కువ చెప్పకపోవు. ఆ తర్వాత ఆమె ఎన్నిసార్లు కలిసిందో లెక్కలేదు. నేను ఎతుకుతె దొరకకపోవు. ఎతుకుడు మానినంక పక్కన ఉండేది.

"నిన్న జన్వాడ దిక్కు పోయినవు గద," అన్నది ఒకనాడు. నా వీపు మీద చల్లగైంది. ఎవలకు చెప్పలే నేను. నా మొఖం చూసి వంగి నా ప్యాంటుకు అంటిన ఒక ముండ్లగింజ తీసి చూపిచ్చింది. "గీ గడ్డి ఇటు దిక్కు లేదు." ఆ మాట తర్వాత సుత నాకు ఆ చల్లదనం పోలే.

ఆమె కదలకుండ నిలబడుడు ఒక వింత. అరగంట, గంట. కండ్లు సుత ఆర్పదా అనిపిచ్చేది. ఒకపారి ఆమె కర్ర కొస మీద పచ్చ పిట్ట వచ్చి వాలింది, తూనీగను పట్టుకొచ్చి కర్రకు కొట్టి సంపి తిన్నది. ఆమె శ్వాస తీసుకున్నట్టు సుత అనిపియ్యలే. పిట్ట ఎగిరిపోయినంక, "నాడి సూసేటప్పుడు నర్సు లేనట్టె ఉండాలె," అన్నది.

గూడు కనవడ్డదంటె ఆగేది గాదు. తల తిప్పకుండ, నడక మార్చకుండ పక్కపొంటి నడిసిపోయేది. చానా దూరం పోయినంక, "సూసినవా?" అని అడిగేది. నేను చూడకపోయేది. మల్ల ఎనుకకు తిరిగి పోదామంటె ఒప్పుకోకపోవు.

"ఎందుకమ్మ, వచ్చిన తొవ్వనే గద?"

"అందుకే. నువ్వు గడ్డిల నడుస్తె ఒక్కనివే నడుస్తున్ననుకుంటున్నవా? నీ ఎన్క ఒకటి వస్తుంటది."

"ఏమొస్తుంటది?"

"ఎప్పుడేమొస్తదో. ముంగీస, కుక్క, కాకి. ఒకొక్కపారి మనిషి. నీ అడుగు యాడ ఆగితె అది గాడ ఆగుతది. నువ్వు పోతవు, అది పోదు." ఎనుకకు చూడబోయిన నన్ను ఆపింది. "సూడకు. సూస్తె కనవడదు. ఉన్నదని యాదుంచుకో, చాలు."

అప్పటికెల్లి ఒంటిగ గడ్డిల నడుస్తుంటె నా మెడ ఎనుక ఎవలో ఉన్నట్టె ఉంటది.

ఆమె నన్ను నమ్మింది. అదే నా గోస. మూడో చలికాలం ఒకనాడు, "నీకొకటి సూపిస్త," అని తీస్కపోయింది. రాయి తీసుడు ఆపేసిన ఒక పాత క్వారీ. అడుగున నీళ్లు నల్లగ నిలిచినయి. ఇవుతలి గట్టున కూసుండవెట్టి, "అవుతలి గోడకు సూడు. వేలు పెట్టి సూపకు," అన్నది. చానాసేపు రాయే కనవడ్డది. ఒక్కసారి రాయి కండ్లు తెరిచింది. నారింజ రంగు కండ్లు, రెండు. చెవుల మీద కొమ్ముల్లెక్క ఈకలుండే పెద్ద గుడ్లగూబ. దాని కింద అరుగు మీద బూడిదరంగు దూది ఉండల లెక్క రెండు పిల్లలు.

ఆమె గడియారం చూసుకున్నది. రెండు నిమిషాలు. "ఇగ లెవ్వు," అన్నది. తొవ్వల ఒకటే మాట చెప్పింది: "గీటిని పూజలకు పట్టుకపోతరు బిడ్డ. అమాస పూజలకు. ఇది నీ నోట్లెనే ఉండాలె."

నా నోట్లెనే పెట్టుకున్న. కాని మర్నాడు ఒక్కన్ని పోయి ఫోటో తీసిన. తీసినంక ఎవలకు చూపకుండ ఉండలేకపోయిన. మా ఫోటోల గ్రూపుల ఊరి పేరు రాయకుండ పెట్టిన. మస్తు మెచ్చుకున్నరు. ఒకాయన పక్కకు మెసేజ్ పెట్టిండు. "అన్న, నేను ఎవలకు చెప్ప. పిట్టలంటె పానం. జర జాగ చెప్పున్రి." మంచి మాట తీరు. చెప్పిన.

ఆ వచ్చిన ఆదివారం మధ్యాహ్నం క్వారీ కాడికి పోతె నాలుగు కార్లు ఉన్నయి. ఏడెనిమిది మంది, అందరివి పెద్ద లెన్సులే. ఎనుకకు తిరిగి పోవచ్చు నేను. పోలే. "అన్న మీరేనా? సూపర్ స్పాట్ అన్న," అని ఒకాయన చెయ్యి కలిపిండు. నేను సుత స్టాండు నిలబెట్టిన.

పిట్ట గోడకు అతుక్కొని ఉన్నది, కదలదు. ఒకాయన రాయి మీద చిన్న స్పీకర్ పెట్టి ఫోన్లకెల్లి మగ గుడ్లగూబ కూత వినిపిచ్చిండు. బూ... బో... అని. క్వారీ గోడలన్ని ఆ కూతను మల్ల అన్నయి. నాలుగు దిక్కుల నాలుగు మగ పిట్టలున్నట్టు ఉన్నది. పట్టపగలు తల్లి పిల్లల్ని వదిలి లేచింది. తన జాగల ఎవలో చొచ్చిన్రని నీళ్ల మీదికెల్లి సక్కగ మా దిక్కు వచ్చింది. రెక్కలు బార్లు చాపి, కండ్లు మా మీదనే పెట్టి. ఒక్కపారి అందరి కెమెరాలు కొట్టుకున్నయి, నాది సుత. నా బతుకుల నేను తీసిన మంచి ఫోటో గదే. ఇప్పటిదాంక ఎవలకు చూపలే.

కాకులు దిగినయి. పిట్ట రాయి మీద వాలి, మల్ల లేచి, మల్ల వాలుతున్నది. స్పీకర్ కూస్తనే ఉన్నది.

అప్పుడు చూసిన. అవుతలి గట్టు మీద బూడిదరంగు శాలువ. ఎప్పటికెల్లి నిలబడ్డదో తెల్వది. గట్టు దిగి, నీళ్ల అంచు పట్టుకొని నడుచుకుంట వచ్చింది. ఎవల దిక్కు చూడలే. లెన్సుల ముంగటికెల్లి నడిచి స్పీకర్ కాడ ఆగి, శాలువ తీసి దాని మీద కప్పింది. శాలువ కింద కూత ఆగలే. దుప్పటి కింద చంటిపిల్ల మూలుగుతున్నట్టు వస్తనే ఉన్నది.

ఆమె గడియారం చూసి, "విజిటింగ్ టైం అయిపోయింది. పొండ్రి," అన్నది.

గట్టిగ అనలే. అయినా పెద్ద పెద్ద జీతాలోళ్లు, తల వంచుకొని స్టాండ్లు మడిచిన్రు. స్పీకర్ ఆయన శాలువ లేపి తనది తీసుకున్నడు. కార్ల కాడికి పోయినంక ఎవలో "పిచ్చిదా ఏంది?" అన్నరు గాని నవ్వు ఎవలకు రాలే.

ఆమె నా దిక్కు చూడలే. చూస్తె బాగుండుననిపిచ్చింది.

అమాస దాటిన తెల్లారి ఆగలేక పోయిన. ఆమె నాకంటె ముందుగల్ల వచ్చి కూసున్నది. ఈపారి ఇవుతలి గట్టున గాదు, గూటి కాడ్నే, అరుగు కింద. అరుగు మీద ఏం లేదు. రెండు మెత్తటి ఈకలు రాయి గరుకుకు పట్టుకొని ఊగుతున్నయి. కింద బండ మీద కోసిన నిమ్మకాయ, దాని మీద కుంకుమ ఇంక తడిగనే ఉన్నది.

అటవీ శాఖోళ్లకు ఫోన్ చేసిన. వచ్చి చూసిన్రు, రాసుకున్నరు. ఎవలన్నది తేలలే. వాళ్లు పోయినంక, "అమ్మ, నేను ఒక్కరికే చెప్పిన," అన్న.

"రోగం సుత ఒక్కరి నుంచి ఒక్కరికే అంటుకుంటది బిడ్డ," అన్నది.

తిడ్తె మంచిగుండు. తిట్టలే. "రేపు పొద్దుగూకంగ రా," అన్నది.

పోయిన. అవుతలి గట్టున, గూటికి వీపు పెట్టి కూసున్నది. నన్ను సుత గట్లనే కూసుండమన్నది. చీకటి కాకముందే తల్లి పిట్ట మా ఎనుక అరుగు మీదికొచ్చి కూసింది. ఆ కూత స్పీకర్లకెల్లి వచ్చిన కూత లెక్క లేదు. మధ్యల ఆగుతది, ఏదో వినవడ్తదేమోనని ఆగినట్టు. క్వారీ గోడలు మల్ల అంటయి. అది జవాబనుకొని పిట్ట మల్ల కూస్తది. నా చెవులు మూసుకోబోతె ఆమె నా చెయ్యి పట్టి కిందికి దించింది.

"వినాలె," అన్నది. "మనం వచ్చింది వినెతందుకే."

పదకొండు సాయంత్రాలు గట్ల కూసున్నం. ఐదోనాడో ఆరోనాడో ఆమె తనంతట తనే మాట్లాడింది. నీళ్ల దిక్కు చూసుకుంట.

"నేను కొత్తగ డ్యూటీల చేరిన్నాడు ఒక పిల్ల కాన్పుకొచ్చింది. పెండ్లి గాలే. నేను ఈడున్ననని ఎవలకు చెప్పకుండ్రి సిస్టర్ అని నా చేతులు పట్టుకున్నది. కాన్పు మంచిగైంది. మూడోనాడు ఒకాయన వచ్చిండు. అన్ననన్నడు. ఏడ్సుకుంట వచ్చిండు. ఒక్కపారి సూసి పోత అన్నడు. ఏడ్సెటోడు అబద్ధమాడడనుకున్న. మంచం నంబర్ చెప్పిన."

పిట్ట కూసింది. గోడ అన్నది.

"తెల్లారి డ్యూటీకొస్తె మంచం ఖాళీ. దుప్పటి మడిచిపెట్టి ఉన్నది. చంటిది లేదు, తల్లి లేదు. ఏమైన్రో ఇయ్యాల్టి దాంక తెల్వది. ఆ పిల్ల అడ్రసు సుత అబద్ధమే రాపిచ్చింది. యాడని ఎతుకుత?"

"అమ్మ, మీరు కావాలని..."

"నువ్వు మాత్రం కావాలనా?"

అంతే అన్నది. ఆ తర్వాత మేం దాని గురించి మాట్లాడలే. పన్నెండోనాడు పిట్ట రాలే. క్వారీల ఏ చప్పుడు లేదు. చీకటి పడే దాంక కూసొని లేచినం. "ఇగ పోదాం," అన్నది. నేను మా గ్రూపులకెల్లి బయటికొచ్చిన. కెమెరా మాత్రం వదలలే. ఆమె వదలమనలే. "సూసుడు తప్పు గాదు," అనేది. "నువ్వు సూసినట్టు దానికి తెల్వొద్దు."

ఆమె చనిపోయిన నెల దినాలకు ఒకనాడు తెల్వని నంబర్ నుంచి ఫోన్. "సార్, మీరు పిట్టల సారేనా? చాయ్ హోటల్ల నంబరిచ్చిన్రు. మా అత్తమ్మ సమాధి కాడ ఒక కష్టమొచ్చింది." ఆమె మేనల్లుడు. చందనవెల్లిల డ్యూటీ చేస్తడట. మర్నాడు ఆదివారం జ్ఞాపకార్థ కూడిక, దానికి ముందు సమాధి మీద బండ పరవాలని మేస్త్రిని పిలిపిచ్చిండు. మేస్త్రి తాపీ ముట్టనంటున్నడు.

నేను పోయేసరికి మేస్త్రి సమాధుల తోట గేటు బయట బీడి తాగుతున్నడు. లోపట తీతువు పిట్ట ఒకటి సమాధుల మీద నుంచి ఒర్రుకుంట తిరుగుతున్నది. అది ఒర్రితె చావు కబురొస్తదని ఇటు దిక్కు అందరు అంటరు.

"సమాధి మీద గుడ్లు పెట్టింది సార్," అన్నడు మేస్త్రి. "ఆ అవ్వ పానం ఇంక పోలేదన్నట్టు. నేను ముట్ట."

దూరంకెల్లి నా దుర్బీనుతోని చూసిన. కొత్త మట్టి కుప్ప, కంకర రాళ్లు. రాళ్లల్ల నాలుగు గుడ్లు. రాళ్లు ఏవో గుడ్లు ఏవో చెప్పుడు కష్టం.

"పక్కకు తీసిపెడ్తె కాదా సార్?" మేనల్లుడు అడిగిండు.

"కాదు తమ్మి. జాగ మారిస్తె తల్లి పొదగది. నెల రోజులు ఆగాలె."

"నెలా? రేపు కూడిక ఉన్నది. చుట్టాలందరికి చెప్పినం. పాస్టర్ గారొస్తున్నరు." అతని మొఖం ఎర్రగైంది. "బండ లేకుండ, మట్టి కుప్ప ముంగట నిలవడితె జనం ఏమంటరు సార్? మేనల్లుడు గిది గూడ చెయ్యలే అనరా?"

అతను పిట్ట దిక్కు చూసిండు. తర్వాత పక్కకు పోయి ఫోన్ మాట్లాడి వచ్చిండు. "గేటు కాడ్నే నిలబడి చేసుకుందమన్నరు పాస్టర్ గారు," అన్నడు. "అత్తమ్మ ఉంటె మమ్ములను లోపటికి రానియ్యకపోవు గద సార్?"

మర్నాడు ముప్పై మందిమి గేటు బయట నిలబడ్డం. ప్రార్థన గొంతు తగ్గిచ్చి చేసిండు పాస్టర్ గారు. ఎవలో చెప్పినట్టు అందరు చిన్నగ పాడిన్రు. ముసలోళ్లు, పిల్లలు, ఒక్కరు గేటు దాటలే. నడి ఎండల, అంతమంది ఉండి సుత, అక్కడ మనుషులు లేనట్టె ఉన్నది. లోపట పిట్ట కొద్దిసేపు ఒర్రి, తర్వాత మట్టి కుప్ప మీద కూసున్నది.

నెల దాటినంక మేనల్లుడు మల్ల ఫోన్ చేసిండు. ఒకపారి చూసి చెప్తె మేస్త్రిని పిలుస్తనన్నడు. పొద్దున్నే పోయినం. అతను గేటు కాడ్నే ఆగిండు. నేను ఒక్కన్ని లోపటికి పోయిన. కెమెరా తేలే.

మట్టి కుప్ప మీద గుడ్లు లేవు. పెంకులు లేవు. పిల్లలైతె పెంకులను తల్లే ఎత్తుకపోయి దూరంగ పడేస్తది. ముంగీస తిన్నా, మనిషి తీసినా గిట్లనే ఖాళీగ ఉంటది. నేల చూసి చెప్పలేం. నాలుగు దిక్కుల సమాధులు, కంకర, ఎండిన గడ్డి. ఎక్కడ చప్పుడు లేదు.

తిరిగి పోదామని కదిలిన. నెత్తి మీదనే తీతువు ఒర్రింది. ఎక్కడికెల్లి వచ్చిందో తెల్వది. నా చెవులకు తగిలేటంత కిందికి దిగి, లేచి, మల్ల దిగుతున్నది. పానం పెట్టి ఒర్రుతున్నది. గూడు పోయిన పిట్ట గట్ల ఒర్రదు. నేను ఆగిపోయిన.

పిల్లలు ఇక్కడ్నే ఉన్నయి. తల్లి ఒర్రితె అవి ఉన్నకాడ్నే నేలకు అతుక్కొని రాళ్లైతయి. బొటనవేలంత ఉంటయి. నాలుగా, మూడా, ఒకటా తెల్వది. నా ముంగటనో, ఎనుకనో, నా బూటు పక్కన్నో. కింద చూసిన. అన్ని రాళ్లే. చూసినకొద్ది ప్రతి రాయికి కన్నున్నట్టు, ప్రతి రాయి నన్నే చూస్తున్నట్టు అనిపిచ్చింది.

ఎటు అడుగెయ్యాల్నో తెల్వలే.

"సార్, ఏమైంది? రావాల్నా?" గేటు కాడికెల్లి మేనల్లుడు అడిగిండు.

"వద్దు తమ్మి, జర ఆగు," అన్న, నాకే వినవడనంత చిన్నగ. అతనికి వినవడ్డదో లేదో, ఆగిండు. నేను నిలబడ్డ. పొద్దు పైకొస్తున్నది. పిట్ట ఒర్రుడు ఆపే దాంక గట్లనే నిలబడ్డ.